ఈ ఫ్రెట్‌లెస్ బేస్ నెక్ ఎక్కడిదో చెప్పగలరా?

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో పాత యాంప్లిఫయర్ల గుట్టలో ఒక బేస్ గిటార్ నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి కాడ, దొరికింది. ఫ్రెట్‌లెస్, అంటే దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు (ఫ్రెట్లు) లేవు. బాడీ లేదు, తీగలు బిగించే కొస (హెడ్‌స్టాక్) మీద పేరూ లేదు. అమ్మినాయన "అసలు ఫెండర్ సార్" అన్నాడు, పేరున్న అమెరికా గిటార్ కంపెనీదని. అక్కడ నాలుగు తీగలుండే ప్రతిదీ ఫెండరే లెండి! బేరమాడి తెచ్చుకున్నాను.

హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ (నట్) వద్ద వెడల్పు 38 మి.మీ., అంటే ఫెండర్ వాళ్ల జాజ్ బేస్ మోడల్ కొలత. స్కేల్, అంటే మోగే తీగ పొడవు, మామూలు 34 అంగుళాలే. కాపీ నెక్‌లకూ ఇవే కొలతలు కాబట్టి దీంతో ఏమీ తేలదు. మేపుల్ నెక్, వెనక పొడవునా ముదురు చెక్క పట్టీ. నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీని (ట్రస్ రాడ్) తిప్పే మర బాడీకి బిగించే వైపుంది, పాత ఫెండర్లలో ఉన్నట్టే.

నా అసలు సందేహం గీతల గురించి. ఫ్రెట్లు ఉండాల్సిన చోట లేత చెక్క గీతలున్నాయి. ఫ్యాక్టరీలోనే ఇలా చేశారా, లేక ఎవరైనా ఫ్రెట్లు పీకి పూడ్చారా? పక్క అంచు మీది చుక్కలు గీతల మీద కాకుండా వాటి నడుమ ఉన్నాయి. ఏడో గీత దగ్గర పెచ్చు లేచి, జిగురుతో నింపినట్టు మెరుస్తోంది, గోటికి తగులుతోంది కూడా. పీకిందేనని నా అనుమానం.

బాడీకి బిగించే చివర రబ్బరు స్టాంపు ముద్ర ఒకటి సగం చెరిగిపోయి ఉంది. చెక్కకు దెబ్బ తగలకుండా దాన్ని చదివే ఉపాయం ఉందా? జపాన్‌దా, కొరియాదా, మన దేశపు గివ్సన్ కంపెనీదా అన్నది ఏ గుర్తుతో పట్టుకోవచ్చు? సికింద్రాబాద్ వైపు నెక్ పని బాగా తెలిసిన మేస్త్రీ ఎవరైనా ఉంటే అదీ చెప్పండి. బాడీ చేయించేలోపు ఆ ఏడో గీత సాపు చేయించాలి.