మిగులు సామానుతో బొమ్మలు: జిగురు, రంగులు కొనొచ్చా, కొనొద్దా?

నయీంనగర్ వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో దసరా సెలవుల్లో ఒక ఆదివారం పిల్లలందరినీ కింద పార్కింగ్‌లో కూర్చోబెట్టి, ఇళ్లలో మిగిలిపోయిన వాటితో ఏదైనా చేయిద్దామని అనుకున్నాం. 14 ఇళ్లు, 19 మంది పిల్లలు. పాత చీరలు, పెళ్లి కార్డులు, కొబ్బరి చిప్పలు, జాకెట్ ముక్కలు, ఖాళీ సీసాలు, వాడని గాజులు జమ చేస్తున్నాం. ఇక్కడిదాకా అందరిదీ ఒకటే మాట. పేచీ అంతా ఒక్క షరతు దగ్గర వచ్చింది. కొత్తగా ఏదీ కొనొద్దని నేనన్నాను. గ్లూ గన్, అక్రిలిక్ రంగులు, లేసు లేకుండా పిల్లలతో ఏం చేయిస్తాం, ఇంటికి 150 రూపాయలు వేసుకుందాం అని సగం మంది అంటున్నారు. అంటే మొత్తం 2100. పాత సామాను వాడటానికి 2100 రూపాయల కొత్త సామాను కొంటే అది ఏ లెక్కన పొదుపు?

పోయిన సంక్రాంతికి నేను ఒక సీసాతో లైటు చేశాను. సీసా ఇంట్లోదే. రంగులు, లేసు, గ్లూ గన్, లైట్ల తీగ కలిపి 640 రూపాయలయ్యాయి. అంతకంటే మంచి టేబుల్ లైటు బజార్లో 400కే దొరుకుతుంది. అందుకే ఈ షరతు మీద గట్టిగా ఉన్నాను. మీరేమంటారు?

హంటర్ రోడ్ అమ్మ:
అక్కా, నేను మీ షరతుకి పూర్తిగా వ్యతిరేకం. సెలవుల్లో పిల్లలు ఫోన్ పక్కన పెట్టి మూడు గంటలు కూర్చుంటే 150 రూపాయలు ఎక్కువా? మా చిన్నోడికి ఎనిమిదేళ్లు. నలుగురిలో నోరు విప్పడు. చేతికి రంగు అంటుకుంటే మాత్రం మాటలు వస్తాయి, ఇదేంటో తెలుసా అని వాడే వచ్చి చెప్తాడు. పాత గుడ్డలు, చిప్పలు ముందేసి ఏదో ఒకటి చేయమంటే ఏ పిల్లవాడు కూర్చుంటాడు? పొదుపు మనకు కావాలి. పిల్లలకు కావాల్సింది రంగు. రెండూ కలిపి చూడకండి.

పాత సామాన్ల కొట్టు:
వరంగల్‌లో మాకు పాత సామాన్ల కొట్టు ఉంది, నాన్న కాలం నుంచి ఇదే పని. సీసాల సంగతి చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ ఆలోచించట్లేదు. మామూలు సీసా నా దగ్గరికి వస్తే దానికి ఇంకా బతుకుంది. బాగుంటే కడిగి మళ్లీ నింపుతారు, పగిలితే కరిగించి కొత్త గాజు చేస్తారు. అదే సీసాకు మీరు అక్రిలిక్ రంగు వేసి, గ్లూ గన్‌తో పూసలు అతికించి, మెరుపు పొడి చల్లి ఏడాది షోకేసులో పెట్టి తర్వాత నాకిస్తే నేను తీసుకోలేను. గాజు కొనేవాళ్లు దాన్ని పక్కకు తోసేస్తారు. ప్లాస్టిక్ సీసాదీ ఇదే కథ. కాబట్టి వ్యర్థం తగ్గించాం అనుకుంటూ మీరు అమ్ముడుపోయే వస్తువును చెత్తబుట్టకు పంపుతున్నారు. అక్కలు ఏమీ అనుకోవద్దు. దండగ పోయేది 150 రూపాయలు ఒక్కటే కాదు, సీసా కూడా పోతుంది.

హంటర్ రోడ్ అమ్మ:
అన్నా, ఇది నాకు తెలియదు. సీసాలు వదిలేద్దాం, ఒప్పుకుంటాను. రంగుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

మడికొండ పిన్ని:
ఏమీ కొనొద్దు అనే మాట వినడానికి బాగుంటుంది కానీ మన పెద్దవాళ్లు కూడా అట్లా చేయలేదమ్మా. మా అత్తమ్మ బొంతలు కుట్టేది. అడుగున ఒక నూలు చీర, పైన ఒక నూలు చీర, మధ్యలో మామయ్య పాత పంచెలు, లుంగీలు, చినిగిన దుప్పట్లు. చీర ఐదున్నర మీటర్లుంటుంది కదా, దాన్ని సగానికి చింపి రెండు ముక్కల్నీ పక్కపక్కన కలిపి కుడితే ఇద్దరు పడుకునేంత వెడల్పు వస్తుంది. వాకిలి ఊడ్చి, చాప వేసి, దాని మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టేది. మధ్య నుంచి బయటికి రెండు అరచేతులతో ముడతలు తోసుకుంటూ పోయి, ముందు జానెడు జానెడు దూరంలో టాకాలు వేసేది. లోపలి గుడ్డ ఒక్క చోట ముద్ద కట్టినా రాత్రి వీపుకు తగులుతుందని మళ్లీ విప్పించేది. ఆ తర్వాతే దబ్బనం పట్టేది. వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ల సందు. దారం మూర కంటే పొడుగు తీసుకోనిచ్చేది కాదు, చిక్కుపడుతుందని. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కుడితే ఒక బొంతకు ఇరవై రోజులు పట్టేది.

ఇప్పటికీ ఒకటి మా ఇంట్లో ఉంది. దాంట్లో ఒక మూల మా ఆయన చిన్నప్పటి చొక్కా ముక్క అతుకు పడింది, జేబుతో సహా. చీకట్లో చేత్తో తడిమితే ఆ జేబు బొత్తం తగులుతుంది.

దాని ఖర్చంతా దారమే. ఆ దారం మాత్రం బజారు నుంచి మంచిది తెప్పించేది, అక్కడ పిసినారితనం చేయలేదు. నాసి దారమైతే మొదటి ఉతుకుడుకే పుటుక్కున తెగిపోతుంది. కాబట్టి బిడ్డా, కొనడం తప్పు కాదు. కొన్నది ఎన్నేళ్లు పట్టి ఉంచుతుందో చూసుకోండి. గ్లూ గన్ జిగురు మన మే ఎండలకు నిలుస్తుందా? మా మనవరాలు రేకు తలుపుకు అతికించిన పూలన్నీ ఒక్క మధ్యాహ్నంలో జారి కిందపడ్డాయి.

కాజీపేట కుర్రాడు:
పిన్నీ, మీరు రాసింది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కానీ బొంత ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు కదా. అదీగాక ఇప్పుడు ఇళ్లలో నూలు చీరలెక్కడివి? పాతవన్నీ స్టీలు గిన్నెల వాళ్లకు వేసేశారు. బీరువా తీస్తే వచ్చేవి పాలిస్టర్ చీరలే. అవి చెమట పీల్చవు, వాటితో బొంత కుడితే ఒళ్లంతా ఉడికిపోతుంది.

సిరిసిల్ల మరమగ్గం:
తమ్ముడు అన్నది నిజం, అయితే పాలిస్టర్ చీరను అట్లా తీసిపారేయొద్దు. మాది సిరిసిల్ల, మరమగ్గాల మీద బతికిన ఇల్లు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు మా ఊళ్లో నేసినవే ఎక్కువ. ఆ చీరలు, అలాంటివి ఇప్పుడు ఊళ్లల్లో చేల చుట్టూ కనిపిస్తున్నాయి, అడవి పందులు రాకుండా కడుతున్నారు. రైతు బాధ నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ ఎండకు రెండు మూడు కాలాలయ్యేసరికి అవి పీలికలై మట్టిలో కలుస్తాయి. నూలైతే మట్టే అవుతుంది, పాలిస్టర్ కాదు. మగ్గం మీద ఆ దారం ఒక్క పోగు తెగితే ఎంత ఆరాటపడతామో నాకు తెలుసు కాబట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పిల్లలతో ఆ చీరల్తో డోర్‌మ్యాట్ చేయించండి. చీరను పొడుగునా మూడు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపాలి. కొసన కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే చాలావరకు చీరలు నిటారుగా చిరుగుతాయి, ఈ పని పిల్లలకు భలే సరదా. మూడు పట్టీలు కిటికీ ఊచకు కట్టి జడ అల్లినట్టు అల్లడమే. అల్లేటప్పుడు చిరిగిన అంచు లోపలికి మడుచుకోవాలి, లేకపోతే పోగులు లేస్తాయి. ఒక చీరకు ముప్పై మీటర్ల పైన జడ వస్తుంది. దాన్ని చుట్ట చుట్టుకుంటూ పక్క పక్క వరుసలను సూదితో కలిపి కుడితే గుమ్మం ముందు వేసుకునేంత పెద్ద మ్యాట్ తయారు. అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు కుట్టండి, టైల్స్ మీద జారదు. నీళ్లు పీల్చదు గానీ కాళ్ల మట్టి బాగా దులుపుతుంది, ఉతికితే గంటలో ఆరిపోతుంది. జిగురు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. చీరలోనే కావలసినంత రంగు ఉంది.

హన్మకొండ దర్జీ:
ఒక్క మాట. జాకెట్ ముక్కలు అని రాశారు. మా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వచ్చి పారేసే ముక్కలే కదా ఇవ్వండి అంటారు. అవి పారేసేవి కాదండి. పెద్దవి చంకల దగ్గర అతుకులకు, పైపింగ్‌కు, బొత్తాలకు వాడతాం. చిన్నవి తలగడల్లో నింపేవాళ్లు కిలోల లెక్కన తీసుకుపోతారు. మా దగ్గర ముక్కలు ఊరికే తీసుకుని, పక్క షాపులో లేసుకు 300 పెడతారు. మిగులు సామాను అంటే మీ ఇంట్లో మిగిలింది. ఇంకొకరి దుకాణంలో మిగిలింది దానికిందికి రాదు.

జనగామ టీచరమ్మ:
నేను రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కొన్నేళ్ల కింద ఒక ప్రైవేటు బడిలో ఇలాంటి పోటీకి మార్కులు వేయడానికి పిలిచారు. పనికిరాని వస్తువులతో పనికొచ్చే వస్తువు చేయాలి, అదీ పోటీ. బల్లల మీద పెట్టినవాటిలో సగానికి పైగా కొత్త ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్లు, కొత్త థర్మాకోల్, మెరుపు కాగితాలు. తల్లిదండ్రులు ముందు రోజు రాత్రి బజారంతా తిరిగి కొన్నవి.

ఆరో తరగతి పాప ఒకతి ఒక చాట తెచ్చింది. పాత వెదురు చాట, వాడి వాడి సందులు పడింది. వాళ్ల నానమ్మ, తను కలిసి పాత నోటుపుస్తకాల కాగితాలు మూడు రోజులు నానబెట్టి, మెంతులు కూడా నానబెట్టి, రెండూ కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జు చాటకు లోపలా బయటా పూశారట. మెంతుల జిగురుకు గుజ్జు గట్టిగా పడుతుంది. ఆరాక అంచుకు జాజు పూసి సున్నంతో చుక్కలు పెట్టారు. దగ్గరగా చూస్తే గుజ్జులో అక్కడక్కడ నీలం సిరా మరకలు, ఒక చోట ఎక్కం అంకె సగం కనిపిస్తోంది. ఆ పోటీకి అక్షరాలా తగిన వస్తువు ఆ గదిలో అదొక్కటే.

మేం ముగ్గురం మార్కులు వేశాం. నేను పదికి ఆరు వేశాను. మిగతావాటి పక్కన అది వెలవెలబోయింది నా కంటికి. మొదటి బహుమతి థర్మాకోల్ ఇంటికి వచ్చింది. అయిపోయాక మిగతా పిల్లలు అవన్నీ బల్లల మీదే వదిలి వెళ్లారు. ఆ పాప మాత్రం వచ్చి, టీచర్, చాట తీసుకుపోవచ్చా, సాయంత్రం బియ్యం చెరగాలి అని అడిగింది.

ఆ ఆరు మార్కులు నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటాయి. 150 రూపాయలు ఇవ్వగలిగిన ఇళ్లు, ఇవ్వలేని ఇళ్లు మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఉంటాయి. వాచ్‌మన్ పిల్లలను కూడా ఆ 19 మందిలో లెక్కేశారా?

నయీంనగర్ వాసి:
లెక్కేయలేదు టీచర్. ఇద్దరున్నారు. ఇప్పుడు 21.

చేర్యాల దగ్గరి వాడిని:
జిగురు ఎట్లా అని ఇంతసేపు కొట్లాడుతున్నారు, మన చేర్యాల నకాశీ కళాకారులను ఒక్కరూ తలుచుకోలేదు. 2016లో కొత్త జిల్లాలు రాకముందు చేర్యాల మన వరంగల్ జిల్లాలోదే. వాళ్లు మాస్కులు చేసేది దేంతో? రంపపు పొట్టు, చింతగింజల జిగురు. చిన్న మాస్కులకు లోపల కొబ్బరి చిప్పే ఆధారం. మీ దగ్గర చిప్పలున్నాయి, వడ్రంగి దగ్గర అడిగితే పొట్టు సంచెడు ఇస్తాడు.

జిగురు ఇట్లా చేయండి. చింతగింజలు వేయించి దంచితే నల్ల తొక్క ఊడుతుంది. లోపలి తెల్ల పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. నీళ్లు పోసి సన్న మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తే చిక్కగా సాగుతుంది. చల్లారాక పొట్టు కలిపి చపాతీ పిండిలా పిసికి, చిప్ప మీద ముక్కు, కళ్లు, మీసాలు పెట్టుకోవడమే. నీడలో ఆరనివ్వాలి, ఎండలో పెడితే నెర్రెలు వస్తాయి. జిగురు రెండు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. పూర్వం పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం వేసేవాళ్లు. అది విషం, పిల్లలున్న చోట వద్దే వద్దు. చింతగింజలు రుబ్బే ఓపిక లేకపోతే మైదా జిగురు కాచుకోండి, పెళ్లి కార్డులతో కవర్లు, పెట్టెలు చేయడానికి అది చాలు.

హంటర్ రోడ్ అమ్మ:
మాస్కు అంటే మరి రంగు వేయాలా వద్దా? ఆ కళాకారులు వేసేదే ఎర్రెర్రగా, పచ్చపచ్చగా. అందుకే అంటున్నాను. రంగుల ఖర్చు అందరి మీదా వేయొద్దు, ఒక డబ్బా నేనే తెస్తాను. టీచరమ్మ చెప్పింది విన్నాక ఇంటికి 150 అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. రంగు మాట మాత్రం తీసుకోను.

నయీంనగర్ వాసి:
సరే. సీసాలు పక్కన పెట్టేస్తున్నాం. దర్జీ అన్న చెప్పినట్టు బయట ఎవరినీ ముక్కలు అడగం. చందా లేదు. సూదులు, మంచి నూలు దారం నేను తెస్తాను, పిన్ని మాట మీద. పెద్ద పిల్లలకు జడ మ్యాట్లు, చిన్నవాళ్లకు కొబ్బరి చిప్ప మాస్కులు. రంగుల విషయంలో నాకింకా ఒప్పుదల లేదు. పసుపు, జాజు, సున్నం, బొగ్గు, కుంకుమ ఇళ్లలోనే ఉన్నాయి, ముందు అవి బల్ల మీద పెడదాం. చెల్లె తెచ్చే డబ్బా కూడా పక్కనే ఉంటుంది, పిల్లలు దేంట్లో వేలు ముంచుతారో వాళ్లిష్టం.

చింతగింజలు కిలో కావాలి. కొత్త చింతపండు కొట్టినప్పుడు గింజలు దాచినవాళ్లు ఎవరైనా ఉంటే శనివారంలోపు చెప్పండి. పాత సామాన్ల అన్నా, జమ చేసిన సీసాలు ఒక బస్తా దాకా ఉన్నాయి, కొన్ని పగిలాయి. తీసుకెళ్తారా?

పాత సామాన్ల కొట్టు:
ఆదివారం పొద్దున వస్తాను అక్కా. పగిలినవి బస్తాలో వేయకండి, ఎత్తేటప్పుడు చెయ్యి తెగుతుంది. అట్టపెట్టెలో వేరుగా పెట్టండి. మా ఇంట్లో చింతగింజలున్నాయి, వచ్చేటప్పుడు తెస్తా. లేదు, ముందు రోజు రాత్రే నానబెట్టాలి కదా, శనివారం సాయంత్రమే మా పిల్లవాడితో పంపిస్తాను.