గిల్టు పాటా, నామోషీ పాటా? (‘గిల్టీ ప్లెజర్’కి తెలుగు మాట కావాలి)

మాటలమూట:
గ్రూపులో అందరికీ నమస్కారం. డిస్కో, ఫంక్ (1970ల్లో అమెరికాని ఊపేసిన డాన్సు సంగీతాలు) పిచ్చి బాగా ముదిరినవాళ్ల గురించి ఒక వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. పిచ్చి అంటే బరాత్‌లో డీజే పెట్టినదానికి ఎగిరేవాళ్ల సంగతి కాదు. ఏ రికార్డులో బేస్ ఎవరు వాయించారు, రీమిక్సులు చేసే టామ్ మౌల్టన్ ఏ పాటను ఎంత సాగదీసి మిక్స్ చేశాడు, న్యూయార్క్‌లో డీజే డేవిడ్ మాంక్యూసో 1970లో మొదలుపెట్టిన ‘లాఫ్ట్’ పార్టీల్లో ఏం మోగేది, ఇవన్నీ నోటికి వచ్చినవాళ్లు. వీళ్లలో చాలామందికి పక్కన ఎవరూ లేనప్పుడు మాత్రమే పెట్టుకునే పాటలు కొన్ని ఉంటాయి. బోనీ ఎం బృందం ‘రాస్‌పుతిన్’, రకరకాల వేషాలు వేసుకుని పాడే విలేజ్ పీపుల్ బృందం ‘వై.ఎం.సి.ఎ.’, అలాంటివి. ఇంగ్లిష్‌లో గిల్టీ ప్లెజర్ అంటున్నారు, తప్పు చేస్తున్నట్టు అనిపిస్తూనే ఆనందించేది అని. ‘అపరాధ ఆనందం’ అని రాసి చూశాను, పాట విన్నందుకు పోలీసు కేసు పెట్టినట్టుంది. ‘పాప సుఖం’ అంటే ఇంకేవో పుస్తకాలు గుర్తొస్తున్నాయి. మీరైతే ఏమంటారు?

కోనసీమ కుర్రాడు:
చాటు ఇష్టం. అంతే. లేకపోతే చాటుమాటు సరదా. వివరణ కూడా అక్కర్లేదండీ, చదవగానే తెలిసిపోతుంది.

ఛందోబద్ధుడు:
చాటు అంటే మరుగు, బాగానే ఉంది. కానీ చాటడం అంటే ఊరందరికీ వినబడేలా చెప్పడం కూడా కదా, చాటింపు అక్కడిదే. ఇక చాటుపద్యంలో ఉన్న చాటు సంస్కృతం, ఇంపైన మాట అని అర్థం. దాచేదీ అదే, డప్పు కొట్టి చెప్పేదీ అదే, మురిపించేదీ అదే. వ్యాసమే మోత గురించి కాబట్టి శ్లేషకి పనికొస్తుంది గానీ, పదే పదే వాడాల్సిన మాటగా పెడితే చదివేవాడు ఎటు పోవాలో తెలియక మధ్యలో దిగిపోతాడు.

ఓరుగల్లు పిల్ల:
ఇంత కష్టం దేనికి అన్నా, ‘గిల్టు సరదా’ అనేయండి. గిల్టు నగ బంగారం కాదని పెట్టుకున్నవాళ్లకీ తెలుసు, చూసినవాళ్లకీ తెలుసు, అయినా మెరుస్తుంది. డిస్కో అంటేనే మెరుపు చొక్కాలు, అద్దాల బంతి. ఆ గిల్టు వేరు, ఈ గిల్టు వేరు, స్పెల్లింగు తేడా అని ఎవరూ రావద్దు, నాకూ తెలుసు.

మాటలమూట:
గిల్టు సరదా! అయిపోయింది, శీర్షిక ఇదే.

పాతరికార్డులు:
శీర్షికకి వాడుకోండి, కాదనను. లోపల మాత్రం వద్దు. గిల్టు అన్నాక లోపం నగదే, అంటే పాట నకిలీ అని ముందే తీర్పు ఇచ్చేసినట్టు. విన్నవాడి అవస్థ అందులో లేదు.

బోనీ ఎం సంగతే చూడండి. 1975లో ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మన్ నిర్మాత స్టూడియోలో కూర్చుని అన్ని గొంతులూ తనే పాడి ఒక పాట విడుదల చేశాడు. అది ఆడటం మొదలయ్యాక టీవీలో కనబడటానికి మనుషులు కావాల్సి వచ్చి నలుగురిని పోగుచేశాడు. ఆ నలుగురిలో స్టూడియోలో నిజంగా పాడింది లిజ్ మిచెల్, మార్సియా బారెట్ ఇద్దరే. ముందు నిలబడి పూనకం వచ్చినట్టు గెంతే బాబీ ఫారెల్ పెదాల మీద వినబడే మగ గొంతు ఫారియన్‌ది. తర్వాత మిల్లీ వనిల్లీ అనే జంటతో అదే పని చేసి, 1990లో వాళ్లకి వచ్చిన గ్రామీ వెనక్కి పోయేదాకా తెచ్చినవాడూ ఈయనే. ఇంతవరకూ గిల్టు అనే మాట సరిగ్గా సరిపోతుంది, ఒప్పుకుంటాను.

కానీ ఆ తొలి రికార్డుల మీద డ్రమ్స్ ఎవరివి? కీత్ ఫోర్సీ. మ్యూనిక్‌లో నిర్మాత జార్జియో మొరోడర్ దగ్గర, డొనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’కి (1977) కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) వాయించిన ఫోర్సీయే. మిగతా అంతా మూగ్ సింథసైజరే అయిన ఆ పాటని మన సీరియస్ అభిమానులు దేవుడి గదిలో పెట్టుకుంటారు, అందులో తప్పులేదు, ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం చాలావరకు దాని వెనకాలే వచ్చింది. మరి అదే మనిషి, అదే ఊరు, అవే సంవత్సరాలు, అదే కాలు అదే పెడల్ మీద. ఒకటి దేవుడి గదిలో, ఇంకోటి మంచం కింద. కాబట్టి బోనీ ఎం ‘డాడీ కూల్’ వింటూ తల ఊపేవాడి చెవిలో లోపమేమీ లేదు. వాడి భయమంతా తోటి రికార్డు పిచ్చోళ్లు చూస్తే ఏమనుకుంటారో అని. దానికి మనకి మాట ఉండనే ఉంది కదా: నామోషీ.

తప్పు చేశాననే బాధకి పక్కన ఎవరూ అక్కర్లేదు, అర్ధరాత్రి ఒక్కడే కూర్చుని పడొచ్చు. నామోషీకి మాత్రం నలుగురు కావాలి. ‘సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లడం నామోషీగా ఉంది’ అన్నవాడు సైకిల్ మంచిది కాదని అనట్లేదు, గేటు దగ్గర నిలబడ్డవాళ్ల గురించి అంటున్నాడు. మరాఠీలోనూ ఈ మాట ఉంది, పరువు తక్కువ అనే అర్థంలోనే.

ఛందోబద్ధుడు:
నామోషీ బాగుంది. కానీ అందులో ఆనందం ఎక్కడుంది మాస్టారూ? ఆ ఇంగ్లిష్ మాటలో రెండు ముక్కలున్నాయి, మీరు ఒకటే తెచ్చారు.

పాతరికార్డులు:
పక్కన పాట అని పెడితే ఆనందం దానంతట అదే వస్తుంది. ‘బోనీ ఎం నా నామోషీ పాట’. నచ్చని పాటకి నామోషీ ఎందుకు పడతాం?

కోనసీమ కుర్రాడు:
అయితే చెత్త పాట అనేదే లోకంలో లేదంటారా? రిక్ డీస్ అనే రేడియో ఆయన ‘డిస్కో డక్’ అని ఒకటి తీశాడు, బాతు గొంతుతో. 1976లో అమెరికాలో నంబర్ 1 అయింది. దాన్ని విన్నవాడిది నామోషీయా, ఇంకేమన్నానా?

పాతరికార్డులు:
అది వేరే కేసు, దాని జోలికి నేను రాను.

బేస్ బాబాయ్:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. డిస్కో గురించి మాట్లాడి ఫంక్‌ని గాలికి వదిలేశారు. మా వైపు పట్టింపు ఇంకా ఘాటుగా ఉంటుంది. జేమ్స్ బ్రౌన్ దగ్గర్నుంచి వచ్చిన సూత్రం ఒకటుంది, బరువంతా మొదటి దెబ్బ మీదే పడాలి, మిగతావి దాని చుట్టూ తిరగాలి. డిస్కోలో నాలుగు దెబ్బలూ సమానమే, కిక్ డ్రమ్ ఆగకుండా దమ్ దమ్ దమ్ దమ్, మధ్య ఖాళీల్లో హై-హ్యాట్ (జంట తాళాలు) తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఫిలడెల్ఫియాలో ఎర్ల్ యంగ్ 1973లో హెరాల్డ్ మెల్విన్ బృందం పాట ‘ద లవ్ ఐ లాస్ట్’కి వాయించినది ఈ పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటిగా చెబుతారు. పాతకాలం ఫంక్ వాళ్లకి అసలు డిస్కో వినడమే నామోషీ, తాళం తెలియనివాళ్ల కోసం తాళం అని వాళ్ల ఎగతాళి. అలాంటివాళ్లు కూడా షీక్ అనే డిస్కో బ్యాండు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటారు. ‘గుడ్ టైమ్స్’లో (1979) బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ విన్నాక ఏమంటారు పాపం. అదే సంవత్సరం షుగర్‌హిల్ గ్యాంగ్ ర్యాప్ పాట ‘రాపర్స్ డిలైట్’ నిలబడింది ఆ వరస మీదే.

మా నిజమైన నామోషీ పాట మాత్రం వైల్డ్ చెర్రీ వాళ్ల ‘ప్లే దట్ ఫంకీ మ్యూజిక్’. ఒహాయోకి చెందిన తెల్లవాళ్ల రాక్ బ్యాండు, 1976లో నంబర్ 1. పెళ్లిళ్ల బ్యాండువాళ్లు అరగదీసి అరగదీసి దాని పరువు తీశారు. బేస్ నేర్చుకునేవాడు ఎవడైనా ఎప్పుడో ఒకప్పుడు తలుపు వేసుకుని ఆ రిఫ్ (పాటంతా తిరిగి తిరిగి వచ్చే చిన్న వరస) వాయించే ఉంటాడు, అడిగితే చెప్పడు. ఇంకోటి, కేసీ అండ్ ద సన్‌షైన్ బ్యాండ్. ఒకే ముక్కని నలభైసార్లు పాడతారని వెక్కిరింత. సరే, వెక్కిరించండి, కానీ ఆ హ్యారీ కేసీ, రిచర్డ్ ఫించ్ ఇద్దరే 1974లో ఫ్లోరిడాలో జార్జ్ మెక్‌క్రే కోసం ‘రాక్ యువర్ బేబీ’ చేశారు, డ్రమ్ మెషీన్ పెట్టి మరీ, అదేమో ఎవరిని అడిగినా క్లాసిక్. స్వీడన్ బృందం ఆబా వాళ్ల ‘డాన్సింగ్ క్వీన్’ నడకకి ప్రేరణ కూడా ఆ పాటే. అంటే ఆబాని దాచుకునేవాళ్లు తమ అల్మరాలో దాని అమ్మమ్మని పటం కట్టి పెట్టుకున్నారన్నమాట.

ఓరుగల్లు పిల్ల:
దాని అమ్మమ్మ 😂

కోనసీమ కుర్రాడు:
మనవాళ్ల సంగతి కూడా వ్యాసంలో పెట్టండి మాటలమూట గారూ. ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ (1974) నిర్మాత బిద్దు మన బెంగళూరు మనిషే. బి-సైడ్ (రికార్డుకి వెనకవైపు) కోసమని హడావిడిగా రికార్డు చేసింది, ప్రపంచమంతా ఆడింది. తర్వాత పాకిస్తాన్ గాయని నాజియా హసన్ చేత ‘డిస్కో దీవానే’ పాడించిందీ ఆయనే. ఇక బప్పీ లాహిరి. 1986లో ‘సింహాసనం’తో తెలుగులోకి వచ్చి, ‘స్టేట్ రౌడీ’, ‘గ్యాంగ్ లీడర్’ దాకా రాజ్యం చేశాడు. లండన్‌లోనో బెర్లిన్‌లోనో రికార్డులు తవ్వుకునేవాళ్లకి ఆయన పాత ఎల్పీ దొరికితే పండగే. ఇక్కడ మాత్రం ట్యూన్లు ఎక్కడివో చెప్పి నవ్వుకుంటాం. ఆయన ‘జిమ్మీ జిమ్మీ’కి మూలం ఫ్రాన్స్‌లోని ఒట్టావాన్ అనే జంట పాట అని ఇప్పుడు అందరికీ తెలుసు.

మాటలమూట:
ఇది పనికొస్తుంది. ఇక్కడ నామోషీ అయినది అక్కడ ఎందుకు కావట్లేదు అంటే, చూసే నలుగురు మారిపోయారు కాబట్టి. పాతరికార్డులు గారి మాటకి బలమే.

ఛందోబద్ధుడు:
నాకు ఇంకో అనుమానం. డిస్కో మొత్తాన్నే ఒకప్పుడు చెత్త అన్నారు కదా? మరి చెత్త అనిపించుకున్నవాళ్లే లోపల మళ్లీ చెత్త బుట్ట పెట్టుకోవడం ఏమిటి?

పాతరికార్డులు:
నేను అడుగుదామనుకున్నదే మీరు అడిగారు. 1979 జులై 12, షికాగో, కామిస్కీ పార్క్. డిస్కో అంటే పడని స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ పిలుపు మీద, ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకి 98 సెంట్లకే బేస్‌బాల్ టికెట్ ఇచ్చారు. రెండు ఆటల మధ్య ఆ రికార్డులని మైదానంలో పేల్చారు. జనం లోపలికి దూకేసి నేలంతా పాడుచేస్తే రెండో ఆట ఆడకుండానే డెట్రాయిట్ జట్టు గెలిచినట్టు ప్రకటించారు. అక్కడ జనానికి సీట్లు చూపించే అషర్‌గా పనిచేసిన విన్స్ లారెన్స్ తర్వాత హౌస్ సంగీతంలో (డిస్కో నుంచి షికాగోలో పుట్టిన డాన్సు సంగీతం) పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజు జనం తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లవాళ్ల రికార్డులు కూడా చాలా ఉన్నాయని ఆయన చెప్పాడు. గే క్లబ్బుల్లో, నల్లవాళ్ల, లాటినోల మధ్య పెరిగిన సంగీతం అది. రాక్ వినే కుర్రాడు డిస్కో నచ్చిందని బయటికి చెప్పుకోలేని రోజులు.

ఆ దెబ్బ తిన్నవాళ్లు, వాళ్ల తర్వాత వచ్చిన అభిమానులు, తమ సంగీతానికి పరువు తేవడం కోసం ఒక వాదం కట్టుకున్నారు: మీరు తిట్టింది అసలు డిస్కోని కాదు, ఆ జర్మనీ సరుకుని, ఆ వేషాల గుంపుని, ఆ బాతుని; మా డిస్కో వేరు, మాది ఫిలడెల్ఫియాది, న్యూయార్క్‌లోని ప్యారడైజ్ గరాజ్ క్లబ్బుది. పరువు వచ్చింది, నిజమే. దానికి కప్పం మాత్రం బోనీ ఎం, విలేజ్ పీపుల్ కట్టారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. విలేజ్ పీపుల్‌ని ఆ తిట్టేవాళ్ల చేతికి అప్పజెప్పి, మనం మర్యాదస్తులం అయిపోవడం.

ఇంకా విచిత్రం, ఆ గుళ్ల పూజారులకి ఈ మడి లేదు. గరాజ్‌లో డీజే లారీ లెవాన్, గాయని పాట్ బెనటార్ రాక్ పాట కూడా పెట్టేవాడు. మాంక్యూసో బ్రూక్లిన్‌లో ఒక రికార్డు కొట్లో దొరికించుకుని మోగించిన, కామెరూన్‌కి చెందిన మాను దిబాంగో ‘సోల్ మకోసా’, ఆఫ్రికా ఫుట్‌బాల్ పోటీల కోసం చేసిన గీతానికి వెనకవైపు పాట. ఎవరైనా ‘ఇది మన స్థాయి కాదు’ అని ఆ రోజు పక్కన పెట్టేసి ఉంటే? వాళ్లు చూసింది ఒక్కటే, జనం కాళ్లు కదులుతున్నాయా లేదా అని. నాట్యం చేసే చోట పుట్టలేదు ఈ నామోషీ, రికార్డులు అల్మరాలో వరసగా నిలబెట్టి ఇంటికొచ్చినవాళ్లకి చూపించడం మొదలయ్యాక పుట్టింది.

బేస్ బాబాయ్:
మీ అల్మరాలో బోనీ ఎం ఏ అరలో ఉంది?

పాతరికార్డులు:
బి అరలో. జేమ్స్ బ్రౌన్ పక్కనే.

కోనసీమ కుర్రాడు:
నేను మాత్రం చాటు ఇష్టమే వాడతాను, మీరు ఎన్ని చెప్పినా.

మాటలమూట:
సరేనండీ, శీర్షికలో గిల్టు, లోపల నామోషీ పాట. ఆఖరి ప్రశ్న, ‘నామోషీపాట’ కలిపి రాయాలా, విడిగానా?

ఛందోబద్ధుడు:
విడిగా. కలిపితే పెళ్లిళ్లలో ముత్తయిదువలు పాడే పాటల్లో ఇదొకటి అనుకుంటారు.