దసరాకీ దీపావళికీ మధ్య తొమ్మిది రోజులు: డాబా, సంపు, పెరడు – ఏది ముందు?

డాబాఇల్లు:
తణుకు దగ్గర పల్లెలో సొంతిల్లు. స్లాబు 1,200 చదరపు అడుగులు, కట్టి 18 ఏళ్ళు. వచ్చే శనివారం నుంచి ఆపై ఆదివారం దాకా ఊళ్ళో ఉంటాం. చేయాల్సినవి ఇవి: పడమటి గదిలో పిట్టగోడ కిందుగా చెమ్మ దిగి రంగు పెచ్చులు ఊడుతోంది. వంటింటి సజ్జ కింద రెండు చోట్ల ఊచ బయటపడింది. వీధి తలుపు ఉబ్బి పట్టేస్తోంది. 1,000 లీటర్ల ట్యాంకు, 6,000 లీటర్ల సంపు కడగాలి. దొడ్డి గుమ్మం మూల చెదల దారి కనిపిస్తోంది. వాకిలి గచ్చంతా పాకుడు. పెరట్లో కొబ్బరి చెట్లు నాలుగు, మునగ ఒకటి, మామిడి ఒకటి. మేస్త్రి రెండు రోజులు, పెయింటరు మూడు రోజులు వస్తామన్నారు. డాబా మొత్తానికి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించి, దీపావళి లోపు ఇల్లంతా రంగులు వేయించేద్దామని ఉంది. ఏ వరుసలో పెట్టుకోమంటారు?

తాపీపని:
పనుల జాబితా బాగానే ఉందండి, కోటింగూ ఇల్లంతా రంగులూ మాత్రం ఇప్పుడు వద్దు. తెలంగాణ వైపు అయితే దసరా వెళ్ళాక వాన దాదాపు తగ్గినట్టే. కోస్తాలో అలా కాదు, ఈశాన్య రుతుపవనాలూ తుఫాన్లూ ఇంకా ముందున్నాయి. హుద్‌హుద్ విశాఖని కొట్టింది 2014 అక్టోబరు 12న. ఆక్రిలిక్ కోటింగుకి స్లాబు లోపలి దాకా ఆరాలి, వేశాక రెండు మూడు రోజులు చినుకు పడకూడదు. లోపల తడి ఉండగా పైన పొర వేస్తే ఎండకి ఆ తడి ఆవిరై పొరని బుడగల్లా లేపేస్తుంది. ఆ పని సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. ఈ వారం నీళ్ళు నిలవకుండా, లోపలికి దిగకుండా చేస్తే చాలు.

శనివారం డాబా ఊడ్చి, వాన గొట్టాల మూతుల దగ్గర పేరుకున్న ఆకూ మట్టీ తీసేయండి. ఒక్కో గొట్టంలో బకెట్టు నీళ్ళు గుమ్మరించి, కింద ఎంత వేగంగా వస్తున్నాయో చూడండి. నెమ్మదిగా వస్తే మధ్యలో ఎక్కడో మట్టి పట్టిందన్నమాట. మూతికి గుండ్రటి జాలీ పెట్టించండి. బల్లపరుపు జాలీ అయితే నాలుగు ఆకులు పడితే చాలు, మూసుకుపోతుంది.

మేస్త్రి మొదటి రోజు పిట్టగోడ దగ్గర పని పెట్టండి. మీరు చెప్పిన చెమ్మ నూటికి తొంభై పాళ్ళు స్లాబూ పిట్టగోడా కలిసే అతుకులోంచే దిగుతుంది. ఆ అతుకు వెంట వదులుగా ఉన్న గచ్చు కొట్టేసి, పగులుని 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉండేలా వి ఆకారంలో చెక్కించాలి. దుమ్ము కడిగి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకి పట్టు పెంచే ద్రవం) కలిపిన సిమెంటు పాలు పూసి, అది పచ్చిగా ఉండగానే మాలు పెట్టాలి. పాలు ఆరిపోయాక మాలు పెడితే అది పట్టదు సరికదా, పొరలా విడిపోతుంది. చాలామంది మేస్త్రులు పొద్దున్నే గోడంతా పాలు పూసేసి టీకి వెళ్ళేది ఇక్కడే. మాలు సిమెంటు ఒకటికి ఇసుక మూడు, 5 కిలోల సిమెంటుకి అర లీటరు లేటెక్స్. మూల లంబంగా కాకుండా గుండ్రంగా, రెండంగుళాల ఎత్తు వచ్చేలా తాపీతో లాగించండి. పిట్టగోడ నెత్తి వాలు కూడా డాబా లోపలి వైపుకే ఉండాలి. బయటికి ఉంటే గోడ మీద నల్లటి చారలు పడతాయి.

రెండో రోజు సజ్జ. కింద ఊచ కనిపిస్తున్నా నీళ్ళు దిగేది పైనుంచే. అందుకని ముందు సజ్జ పైభాగం, గోడతో కలిసే అతుకు పూడ్పించాలి. తర్వాత కింద వదులు కాంక్రీటు ఊచ వెనక్కి వేలు దూరేంత దాకా కొట్టించి, వైరు బ్రష్‌తో తుప్పు తీసి, తుప్పు నిరోధక ప్రైమర్ పూసి, అదే మాలుతో రెండు వరసల్లో నింపించండి. ఒకేసారి మందంగా పెడితే బరువుకి జారుతుంది. ఊచ మందం నాలుగో వంతుకి మించి తినేసి ఉంటే మాత్రం మాలుతో కప్పకండి, ఇంజనీరుకి చూపించాకే ముట్టుకోవాలి.

పని సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి డాబా నిండా నీళ్ళు నిలబెట్టమంటారు కొందరు. 1,200 అడుగుల మీద రెండంగుళాలంటే అయిదున్నర టన్నుల బరువు, పాత స్లాబుకి ఎందుకు చెప్పండి? ఆ మూల మాత్రం మూడడుగుల దూరంలో బంకమట్టి కట్ట వేసి, అంగుళం నీళ్ళు 24 గంటలు ఉంచితే తేలిపోతుంది.

రంగులడబ్బా:
పైన చెప్పినదానికి ఒక చిన్న సవరణ. చెమ్మ లేని గదులకి ఇప్పుడే రంగు వేయించుకోవచ్చు. గోడ ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. రెండడుగుల చదరం పాలిథిన్ కాగితం నాలుగు అంచులా టేపుతో అంటించి మర్నాటి దాకా ఉంచండి. లోపల బిందువులు పడితే ఆ గోడ జోలికి వెళ్ళొద్దు.

ఆరిన గోడకి లప్పం రెండు కోట్లు, ఒక్కో కోటు ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. కిలో పొడికి 360 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్ళు. కలిపింది రెండు మూడు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు పోసి మెత్తగా చేసిన లప్పం పొడిపొడిగా రాలుతుంది. ఆ మీద ప్రైమర్ ఒకటి, ఎమల్షన్ రెండు. మామూలుగా కోటుకీ కోటుకీ నాలుగు గంటలు చాలు, ముసురుగా ఉంటే పూట పూటంతా వదలండి.

పడమటి గదిలో తెల్లగా పూసిన ఉప్పు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి. ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి ఊడ్చేయాలి.

తలుపుకి ఇప్పుడు చిత్రిక పట్టించొద్దు. వానాకాలం చెమ్మకి చెక్క ఉబ్బింది. ఇప్పుడు గీసేస్తే ఎండాకాలం వేలెడు సందు పడుతుంది. ముందు బందుల స్క్రూలు చూడండి. వదులైతే తలుపు కిందకి జారి ద్వారబంధానికి రాసుకుంటుంది. అది కాకపోతే రాసుకునేచోట కొవ్వొత్తి రుద్ది మార్చి దాకా నెట్టుకురండి. అప్పుడు చిత్రిక పట్టించి, అదే రోజు తలుపు పై అంచుకీ కింది అంచుకీ కూడా ప్రైమర్ పట్టించండి. చెమ్మ ఎక్కేది రంగు లేని ఆ రెండు అంచుల నుంచే.

డాబాఇల్లు:
పండగపూట పడమటి గోడ పెచ్చులతో అలా ఉంటే బాగోదు కదండీ. దాని మీద ప్రస్తుతానికి సున్నం కొట్టించొచ్చా?

రంగులడబ్బా:
కొట్టించొచ్చు, కాకపోతే పాత రంగు గీకేసి గచ్చు తేలినచోటే. సున్నం పొర గోడలోని తడిని బయటికి పోనిస్తుంది, ఎమల్షన్ పోనివ్వదు. పాత ఎమల్షన్ మీద సున్నం నిలవదు. నీడలు నీడలుగా కనపడుతుంది, దానికి సిద్ధపడాలి మరి. పట్టు కోసం అందులో ఫెవికాల్ పోసే అలవాటు ఉంది, వద్దు. గోడ ఆరే దారి మూసేస్తుంది.

మోటారుపంపు:
సంపు ముందు, ట్యాంకు తర్వాత. తిరగేసి చేస్తే సంపు బురద కడిగిన ట్యాంకులోకి ఎక్కుతుంది. సంపులోకి దిగేముందు మోటారు మెయిన్ ఆపేయాలి, మూత తీసి రెండు మూడు గంటలు గాలాడనివ్వాలి, పైన ఒక మనిషి కచ్చితంగా ఉండాలి. లోపల ఉన్న మనిషి బ్లీచింగ్ వాడకూడదు, ఆ వాసనకి ఊపిరాడదు. బ్రష్‌తో రుద్ది, బురద ఎత్తి, పైకి వచ్చాక బ్లీచింగ్ నీళ్ళు గోడల మీద చిమ్మి అరగంట వదిలి కడగండి. ఫుట్‌వాల్వ్ (మోటారు గొట్టం అడుగున ఉండే వాల్వు) జాలీ కూడా అప్పుడే తీసి చూడండి.

ట్యాంకు రుద్ది కడిగాక నింపి, 150 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేటని మాత్రమే పోయండి. మడ్డి పోస్తే కుళాయిల్లో సున్నం పేరుకుంటుంది. ఒక్కో కుళాయి వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, 12 గంటలు ఉంచి పూర్తిగా వదిలేయాలి. ఈలోపు ఆ నీళ్ళు తాగొద్దు, వంటకి వాడొద్దు. కొట్లో తెరిచి పెట్టిన పౌడరైతే బలం పోయి ఉంటుంది, ఆ కొలత చాలదు. వదిలే నీళ్ళు సెప్టిక్ ట్యాంకులోకీ చెట్ల పాదుల్లోకీ పోనివ్వకండి. వాకిలి పాకుడు మీద బ్లీచింగ్ చల్లి గంట ఉంచి, ఈ నీళ్ళతోనే రుద్ది కడుక్కోవచ్చు. ఆ రోజు గచ్చు మీద యాసిడ్ మాత్రం పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, పైగా యాసిడ్ గచ్చునీ తింటుంది.

ఓవర్‌ఫ్లో గొట్టానికి దోమల జాలీ కట్టండి. చెమ్మ గోడ మీద స్విచ్ బోర్డు ఉంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి, వెంటనే పడిపోవాలి. పడకపోతే తడి గోడ దగ్గర డ్రిల్లు పెట్టకముందే మార్పించాలి.

తాపీపని:
చెదల సంగతి మర్చిపోయాం. ఆ మట్టిదారి ఊరికే చెరిపేస్తే పక్కనుంచి ఇంకోటి కడతాయి. గోడా గచ్చూ కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వాలుగా వేసి, చెదల మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు కలిపి, ఒక్కో రంధ్రంలో లీటరు దాకా ఇంకేలా పోయించి సిమెంటుతో మూయించాలి. చేతులకి తొడుగులు ఉండాలి. బావి, బోరు దగ్గర్లో ఉంటే ఈ పని సొంతంగా పెట్టుకోకండి. ద్వారబంధం మీద స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి, డొల్ల మోత వస్తే వడ్రంగిని పిలవాల్సిందే.

పెరటిమడి:
గాలివాన రాకముందే కొబ్బరి ఎండుమట్టలు, ముదిరిన కాయలు దింపించేయండి. పచ్చమట్టలు నరకొద్దు, కాపు తగ్గుతుంది. రెండో దఫా ఎరువుకి ఇదే అదను: కాపుకొచ్చిన చెట్టుకి అర కిలో యూరియా, కిలో సూపర్ ఫాస్ఫేట్, కిలోంబావు పొటాష్. మొదట్లో గుమ్మరించకుండా అయిదడుగుల దూరంలో చుట్టూ చల్లి మట్టి కప్పాలి. పాదులో నీళ్ళు నిలిచి ఉంటే ఆగి వేయండి. మొవ్వు ఆకులు కత్తిరించినట్టు ఉంటే కొమ్ము పురుగే. దింపే మనిషి ఎక్కినప్పుడే మొవ్వు దగ్గరి మూడు మట్టల సందుల్లో మూడు నాఫ్తలీన్ ఉండలు పెట్టించి ఇసుక కప్పించండి.

మునగ కొమ్మ పెళుసు. ఇంటి మీదకీ తీగల మీదకీ వంగిన కొమ్మలు తగ్గించి, కోసినచోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ళ మందు) ముద్ద పూయండి. కాండం మీద గొంగళిపురుగులు పగలు గుంపుగా ఉంటాయి. పొడుగు చీపురుతో సబ్బునీళ్ళ బకెట్లోకి రాల్చండి. మామిడిని మాత్రం ముట్టుకోవద్దు. ఇప్పుడు కొమ్మలు కోసినా యూరియా వేసినా పూత బదులు చిగురు వస్తుంది.

టమాటా, వంగ నారు పోయాలనుకుంటే మడి జానెడెత్తు లేపండి, లేకపోతే మొదటి ముసురుకే నారు కుళ్ళుతుంది.

డాబాఇల్లు:
అందరికీ ధన్యవాదాలండి. ఇలా అనుకుంటున్నాను: శని డాబా, కొబ్బరి దింపు. ఆది, సోమ మేస్త్రి. మంగళ సంపు, బుధ ట్యాంకు, వాకిలి. గురు, శుక్ర, శని పెయింటరు, మొదట సజ్జ, తర్వాత తూర్పు గదులు. సరిపోతుందా?

తాపీపని:
సజ్జ రంగు తీసేయండి. సోమవారం పెట్టిన మాలు ఒక రోజు గోనెపట్టా తడిపి కప్పాలి, తర్వాత ఆరాలి. గురువారానికి అది పచ్చిగానే ఉంటుంది. తూర్పు గదులతోనే మొదలుపెట్టించి, సజ్జని కోటింగ్ పనితో కలిపి సంక్రాంతి తర్వాతకి వదిలేయండి. మేస్త్రి ఆదివారం రాకపోతే సజ్జ ఆపి, ఉన్న ఒక్క రోజూ పిట్టగోడకే పెట్టండి.