ముందు తోపా, తూపా?

తలకట్టు: చిన్నప్పుడు భూకంప తరంగాలు గుర్తుండటానికి మా సైన్సు మాస్టారు ఒక ముక్క చెప్పేవారు. "ముందు తోపు, వెనక ఊపు, ఆపైన..." అక్కడే ఆగిపోతోంది. మూడోది ఉపరితల తరంగాల గురించి. రెండ్రోజులుగా నాలుక చివరే ఆడుతోంది. ఎవరైనా విన్నారా?

అరసున్న: తోపు కాదండీ, తూపు అయ్యుంటుంది. పి తరంగం బాణంలా ముందొచ్చి తగులుతుంది, భూమి పైపొర రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. తూపు, ఊపు. చెవికి ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

బండిర: ప్రాసకి రెండో అక్షరం 'పు', ముందు గురువు ఉంటే చాలు. తోపుకీ ఆ రెండూ ఉన్నాయి, మీ సాక్ష్యం చెల్లదు. పి తరంగం తను పోయే దారి వెంటే రాతిని నొక్కుతూ, సాగదీస్తూ పోతుంది. అది తోపే. దాని వెనకొచ్చే ఎస్ తరంగం దారికి అడ్డంగా ఊపుతుంది. మాస్టారు చెప్పింది కదలిక, వేగం కాదు.

అరసున్న: పి అంటే 'పుష్' అనుకునేవాళ్లు పడే పొరపాటు ఇది! పి అంటే ప్రైమరీ, ఎస్ అంటే సెకండరీ, వచ్చే వరుసను బట్టి పెట్టిన పేర్లు. "ముందు, వెనక" అన్న మాస్టారి ధ్యాస కూడా వరుస మీదే.

వట్రుసుడి: 1897 అస్సాం భూకంపం రికార్డుల్లో ఆ వరుసను విడదీసి చూపింది భూగర్భ శాస్త్రవేత్త ఓల్డ్‌హామ్. అది సరే, ఇప్పటి పిల్లలకి "పి తరంగం తోపు" అంటే అదేదో పెద్ద మొనగాడు అనుకుంటారు. నష్టం చేయడంలో అదేం తోపు కాదు, ఎస్సూ ఉపరితల తరంగాలే అసలు తోపులు.

ఒత్తు: భూమి కదలడం అంటే నాకు మొల్లే. శివధనుస్సు ఘట్టంలో లక్ష్మణుడు "కదలకుమీ ధరాతలమ" అంటాడు చూడండి, ఆ 'మీ'లో బతిమాలడం ఉందా, హెచ్చరికా? నాకు హెచ్చరికే వినిపిస్తుంది. ఆ వెంటనే ఫణీంద్రుడు, కూర్మం... పొరపొరగా కిందికి దిగుతుంది ఆవిడ.

బండిర: హెచ్చరికేం కాదు, వేడుకోలే. పొరలన్నారు కాబట్టి ఒక మాట. ఎస్ తరంగం భూమి బాహ్య కేంద్రమండలంలోకి పోలేదు, అది ద్రవం గనక. ద్రవాన్ని నొక్కితే ఎదురు తంతుంది, అడ్డంగా జరిపితే వెనక్కి లాగే పట్టు దానికి లేదు. తోపు ద్రవంలోనూ సాగుతుంది, ఊపు సాగదు. తూపు అంటే ఈ తేడా చెప్పగలరా?

అరసున్న: పి తగిలాక ఎస్ వచ్చేదాకా లెక్కపెట్టండి. సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల చొప్పున దూరం తెలుస్తుంది. 5 సెకన్లయితే 40. ఆ కబురు మోసుకొచ్చేది తూపే.

తలకట్టు: అయ్యా, నేనడిగింది మూడో ముక్క.

వట్రుసుడి: ఉపరితల తరంగాల్లో ఒక రకమైన రేలీ తరంగంలో నేల ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ కలిపి గుండ్రంగా తిరుగుతుంది. "ఆపైన పొర్లు" కావచ్చు.

ఒత్తు: మరి ఉపరితల తరంగాల్లో రెండో రకం, లవ్ తరంగం? అది పొర్లదు, పక్కలకి ఊపుతుందంతే.

బండిర: పొర్లులో 'పు' ఏదండీ? ముందు తోపు సంగతి తేలనివ్వండి. అసలు అది త్రోపు.