రెండో టీవీకి మళ్లీ పూర్తి బిల్లు కట్టాలా?

రామగిరి నివాసి:
మాది నల్లగొండ. ముందు గదిలో కేబుల్ కనెక్షన్ ఉంది. మా నాయనకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వెనక గదిలోనే పడక. పాత టీవీ ఆయన మంచం ఎదురుగా పెట్టాం. కేబుల్ అతన్ని పిలిస్తే రెండో బాక్స్ కొనాలి, ఆపైన నెలనెలా మొదటి టీవీకి ఎంత కడుతున్నారో దీనికీ అంతే కట్టాలి అన్నాడు. ఒకే ఇల్లు, స్తంభం మీది నుంచి వచ్చే వైరు ఒక్కటే. ఇంట్లో రెండు నల్లాలు పెట్టుకుంటే మున్సిపాలిటీ రెండు బిల్లులు వేస్తుందా? ఇది న్యాయమేనా చెప్పండి. తక్కువలో అయ్యే దారి ఉంటే అదీ చెప్పండి.

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నా, అస్సలు న్యాయం కాదు. నువ్వు కొత్త బాక్స్ తీసుకోకు. ఉన్న బాక్స్ వెనక చూడు, హెచ్‌డీఎంఐ కాకుండా ఏవీ (ఆడియో-వీడియో) అవుట్ ఉంటుంది. కొన్నిట్లో పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు, కొన్నిట్లో చిన్న గుండ్రటి రంధ్రం. ముందు టీవీకి హెచ్‌డీఎంఐ, వెనక టీవీకి ఏవీ కేబుల్. చాలా బాక్సుల్లో రెండూ ఒకేసారి పనిచేస్తాయి. కేబుల్ ఖర్చు ఒక్కసారే, నెల బిల్లు పైసా పెరగదు. పాత టీవీకి ఆ క్లారిటీ చాలు.

పాలమూరు అక్క:
తమ్మీ, అసలు సంగతి చెప్పలేదు నువ్వు. బాక్స్ ఒక్కటే కాబట్టి రెండు టీవీల్లోనూ ఒకే చానెల్ వస్తుంది. మా ఇంట్లో ఇట్లనే పెట్టుకున్నాం. సాయంత్రం ముందు గదిలో పిల్లలు చానెల్ మార్చగానే లోపల మా అత్తమ్మ చూస్తున్న వార్తలు పోయేవి. ఆమె కేక వేస్తే వీళ్లు మళ్లీ మార్చాలి. లేవలేని మనిషి కోసం టీవీ పెట్టి, రిమోట్ మాత్రం ఇంకో గదిలో ఉంచితే ఆయనకు ఇచ్చింది ఏముంది? ఒక్కరే చూసే ఇంటికైతే సరే, పగలు ముందు గదిలో, రాత్రి పడక గదిలో చూసుకోవచ్చు. అక్కడ కూడా ఐఆర్ ఎక్స్‌టెండర్ అని రిమోట్ సిగ్నల్ మోసే చిన్న వైరు వేయించుకోవాలి.

జడ్చర్ల:
ఇంత అవసరం లేదు. టూ-వే స్ప్లిటర్ ఒకటి తెచ్చి వైరును రెండుగా చీల్చండి. మా చిన్నప్పుడు అందరిళ్లలో అదే.

కేబుల్ పని:
జడ్చర్ల అన్నా, అది అనలాగ్ రోజుల మాట. అప్పుడు సిగ్నల్‌ను టీవీయే నేరుగా పట్టేది. మన పల్లెల్లో కూడా 2017 మార్చి ఆఖరుతో అనలాగ్ పోయింది. ఇప్పుడు వైరులో వచ్చేది లాక్ వేసిన సిగ్నల్, దాన్ని బాక్స్ విప్పితేనే బొమ్మ. స్ప్లిటర్ పెట్టొచ్చు, కానీ రెండో వైపు కూడా యాక్టివ్ చేసిన బాక్స్ ఉండాలి. డిష్ వాళ్లయితే మామూలు స్ప్లిటర్‌తో తిప్పలు పడకుండా రెండు అవుట్‌లున్న ఎల్ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే ముక్క) పెట్టించుకుని, ఒక్కో బాక్స్‌కు విడిగా వైరు లాగించుకోవాలి. అప్పుడు కూడా రెండో బాక్స్ రీచార్జ్ వేరే.

నేను ఈ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి మా వైపు మాట కూడా వినండి. పే చానెల్ అంటే డబ్బు కట్టి చూసే చానెల్, దాని కంపెనీ లెక్క ఇంటిని బట్టి ఉండదు, యాక్టివ్ బాక్స్‌ను బట్టి ఉంటుంది. మీ ఇంట్లో రెండు బాక్సులుంటే ఆ చానెల్‌కు ఇద్దరు కస్టమర్లు అన్నట్టే. ఆ డబ్బు మా దగ్గర ఆగదు. వైరు, సర్వీసు కోసం తీసుకునే ఎన్‌సీఎఫ్‌లో కూడా, వేరే ఒప్పందం లేకపోతే, కేబుల్ రేట్ల నియమాలు పెట్టే ట్రాయ్ లెక్క ప్రకారం, మాకు సిగ్నల్ ఇచ్చే పై కంపెనీకి (ఎంఎస్ఓ) 55 శాతం, లోకల్ ఆపరేటర్‌కు 45 శాతం. వానకు వైరు తెగితే స్తంభం ఎక్కేది మాత్రం మేమే.

మిర్యాలగూడ తమ్ముడు:
మీ కష్టం కాదనను అన్నా. కానీ స్తంభం నుంచి ఇంటి దాకా వైరు ఒక్కసారే వేశారు. గోడ అవతలి గదికి మళ్లీ ఎన్‌సీఎఫ్ ఎందుకు?

వనపర్తి సార్:
ఇద్దరూ రెండు లెక్కలు కలిపేస్తున్నారు, విడదీసి చూడండి. మొదటిది ఎన్‌సీఎఫ్, అంటే కనెక్షన్ చార్జీ. రెండోది పే చానెళ్ల ధర. 2019లో ఎన్‌సీఎఫ్ గరిష్ఠంగా 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ అన్నారు. 2020లో సవరించినప్పుడు, ఇంట్లో రెండో టీవీ ఉంటే దానికి మొదటిదాంట్లో 40 శాతానికి మించి తీసుకోకూడదని పెట్టారు. 130 మీద అది 52, జీఎస్టీతో 61 రూపాయల 36 పైసలు. అంటే తమ్ముడి వాదనను ట్రాయ్ అప్పుడు ఒప్పుకున్నట్టే. తర్వాత 2024 జులైలో ఎన్‌సీఎఫ్ మీద గరిష్ఠ పరిమితినే ఎత్తేశారు. ఇప్పుడు ఆపరేటర్ ఎంత పెడితే అంత, కాకపోతే ఆ రేటును బయటికి ప్రకటించాలి. పోటీ ఉన్న టౌన్లో అడిగితే తగ్గిస్తారు. ఒక్కడే ఆపరేటర్ ఉన్న ఊళ్లో ఎవరిని అడగాలి? పరిమితి తీసేయడం నాకు తప్పుగానే కనిపిస్తుంది.

రెండో లెక్క మీ చేతిలోనే ఉంది. రెండో బాక్స్‌కు మొదటి దాని ప్యాకే వేయాలని ఏమీ లేదు, చానెళ్లు విడిగా ఎంచుకోవచ్చు. బొకేలో, అంటే కొన్ని చానెళ్లు కలిపి కట్టే ప్యాక్‌లో, పెట్టే చానెల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదన్నది నియమం. పెద్ద తెలుగు చానెళ్లు నాలుగు తీసుకున్నా, ఒక్కోటి 19 చొప్పున వేసుకుంటే 76, జీఎస్టీతో 90 లోపే. ఇంతకీ మీ నాన్నగారు ఏం చూస్తారు?

రామగిరి నివాసి:
తెల్లారగానే ఎస్వీబీసీలో సుప్రభాతం. తర్వాత వార్తలు, రాత్రి దాకా వార్తలే. సీరియళ్లు అసలు పడవు. క్రికెట్ మాత్రం ఇండియా ఆడితే చూస్తాడు.

వనపర్తి సార్:
ఎస్వీబీసీ ఉచిత చానెల్. వార్తల చానెళ్లలో కూడా చాలావరకు ఉచితమే. క్రికెట్ పక్కన పెడితే ఆయన బాక్స్‌కు పే చానెల్ ఒక్కటీ అక్కర్లేదు. ఎన్‌సీఎఫ్ ఒక్కటే కట్టి నడిపించవచ్చు. మొదటి టీవీ బిల్లులో పే చానెళ్ల వాటా ఎంతో రసీదులో చూడండి, అంత మేరకు తగ్గుతుంది.

హాలియా రైతు:
క్రికెట్ అన్నారు కాబట్టి చెబుతున్నా. డీడీ ఫ్రీ డిష్ పెట్టించండి. డిష్, బాక్స్ ఒకసారి కొంటే చాలు, నెల బిల్లే లేదు. ఇండియా వన్డేలు, టీ20లు డీడీ స్పోర్ట్స్‌లో వస్తాయి. ఐపీఎల్ ఆశించకండి. దూరదర్శన్ తెలుగు చానెళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి. ప్రైవేటు చానెళ్లు ఎక్కువ హిందీవే, ఆ జాబితా కూడా చానెళ్ల చోటుకు జరిగే వేలం పాటను బట్టి మారుతుంటుంది. మీ నాన్నగారికి కావలసిన తెలుగు వార్తల చానెల్ ఇప్పుడు అందులో ఉందో లేదో షాపులో ఆన్ చేయించి చూశాకే డబ్బులివ్వండి. డిష్‌ను మన దగ్గర ఆగ్నేయం వైపు పైకి తిప్పి పెట్టాలి, ఆ దిక్కున చెట్టు గాని, పక్కింటి రెండో అంతస్తు గాని అడ్డం ఉండకూడదు. మాకు వేపకొమ్మ ఒకటి కొట్టేస్తే గాని బొమ్మ నిలవలేదు.

సూర్యాపేట ఫైబర్:
ఇంట్లో నెట్ ఉందా? ఉంటే ఇవన్నీ వదిలేయండి. పాత టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే నెట్‌తో నడిచే టీవీ స్టిక్ ఒకటి పెట్టండి. వార్తల చానెళ్లు చాలా యూట్యూబ్‌లో లైవ్‌లో ఉన్నాయి, ప్రసార భారతి వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ చానెళ్లు వస్తాయి.

పాలమూరు అక్క:
పెద్దవాళ్లకు స్టిక్ రిమోట్ తలనొప్పి. యాప్ తెరవడం, లోపల వెతకడం, మధ్యలో అప్‌డేట్ అడగడం. మంచంలో ఉన్న మనిషికి నంబరు నొక్కితే చానెల్ రావాలి. డబ్బు మిగిలిందని ఆయన్ని రోజూ ఎవరో ఒకరి కోసం ఎదురు చూసేలా చేయొద్దు.

జడ్చర్ల:
ఇంకో మాట. మా పై పోర్షన్‌లో కిరాయికున్న వాళ్లకు మా బాక్స్ నుంచే ఏవీ వైరు ఇచ్చి నెలకు కొంత తీసుకుంటున్నాం. ఎవరికీ నష్టం లేదు.

కేబుల్ పని:
ఉంది అన్నా. మీ ఇంట్లో మీ నాన్నకు వైరు లాగడం వేరు, వేరే కుటుంబానికి ఇచ్చి డబ్బు తీసుకోవడం వేరు. మీరు తీసుకున్నది మీ ఇంటి కనెక్షన్. తెలిస్తే ఆపరేటర్ మీ బాక్స్ ఆపేస్తాడు, వాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బూ పోతుంది.

రామగిరి నివాసి:
అందరికీ థాంక్స్. అక్క చెప్పింది మనసుకు పట్టింది, రిమోట్ నాయన చేతిలోనే ఉండాలి. రెండో బాక్స్ తీసుకుని పే చానెళ్లు లేకుండా వేయమని ఆపరేటర్‌ను అడుగుతా. ఒప్పుకోకపోతే ఫ్రీ డిష్. మా మిద్దె మీద ఆగ్నేయం ఖాళీగానే ఉంది.

కేబుల్ పని:
అడిగేటప్పుడు 'తక్కువ ప్యాక్ ఉందా' అనకండి. అట్లా అంటే కంపెనీ కట్టిన ఇంకో బొకే అంటగడతారు. 'ఈ బాక్స్‌కు ఉచిత చానెళ్లు మాత్రమే వేయండి, పే చానెల్ ఏదీ వద్దు' అనండి. ఎన్‌సీఎఫ్ ఎంతో రసీదులో విడిగా రాయించుకోండి.

మిర్యాలగూడ తమ్ముడు:
మంచిదే అన్నా. కానీ నా మాట మారదు. ఆ 40 శాతం నియమం మళ్లీ రావాలి. ట్రాయ్ ఏదైనా మార్చే ముందు జనం అభిప్రాయం రాతపూర్వకంగా అడుగుతుంది. ఈసారి అడిగినప్పుడు కేబుల్ సంఘాలు, చానెల్ కంపెనీలే కాకుండా మనం కూడా రాద్దాం. వనపర్తి సార్, ముసాయిదా మీరు రాస్తారా?