కాలేజీకిచ్చిన ఆధార్, బ్యాంకు వివరాలు బయటికెలా పోతున్నాయి?

బెంజిసర్కిల్_నాన్న: మా అమ్మాయి విజయవాడలో బీటెక్ మొదటి సంవత్సరం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కని ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులిచ్చాం. కొద్దిరోజులకే ఫోన్: "పాపకి స్కాలర్‌షిప్ పడింది, ఓటీపీ చెప్పండి." బ్రాంచి, హాల్‌టికెట్ నంబరుతో సహా గడగడా చదివాడు. ఓటీపీ చెప్పలేదనుకోండి. ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?

కొరిటెపాడు: మాది గుంటూరు. మా వాడి సెక్షన్ వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ షీటు పెట్టి "మీ వివరాలు సరిచూసుకోండి" అన్నారు. అందరి ఆధార్, ఖాతా నంబరు, కులం, ఆదాయం, తండ్రి ఫోన్... మాతోపాటు ఊరందరివీ సరిచూశాం!

పరీక్షల_విభాగం: హ్యాకర్లదాకా ఎందుకండీ. మా ఆఫీసులో మార్కులు ఎక్కించే లాగిన్ ఒక్కటే, అందరం వాడతాం. పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించిన చీటీ మీదుంటుంది. మానేసి వెళ్లిన కాంట్రాక్టు కుర్రాడికీ తెలుసు. రేపెవరి మార్కులైనా మారితే మార్చిందెవరో తేలదు. అడిగితే "నాక్ వాళ్లొచ్చి వెళ్లాక చూద్దాం" అంటారు, అదే, కాలేజీలకి గ్రేడిచ్చేవాళ్లు.

నంబూరు_ప్యాసింజర్: మా పోర్టల్‌కి పాస్‌వర్డ్ పుట్టినరోజే. బర్త్‌డే స్టేటస్ పెడితే తాళంచెవి ఇచ్చినట్టే. పైగా మెమో లింకు చివర నంబరు మారిస్తే పక్కవాడి మెమో వస్తుంది. చెప్పినందుకు మాకే తిట్లు.

సర్వర్_రూమ్: కాలేజీలకి ఐటీ పని చేస్తుంటాను. లాగిన్ అయ్యాడా అనే చూస్తోంది తప్ప, ఆ మెమో అతనిదేనా అని చూడట్లేదు మీ పోర్టల్. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు సరిచేయాల్సిన పని అది. పరీక్షల విభాగం గారూ, మనిషికో లాగిన్ అడగండి, మానేసిన రోజే తీసేయించండి. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లు, అంటే ఎవరెప్పుడు లాగినై ఏం చేశారనే రికార్డులు, 180 రోజులుంచాలి, డేటా లీకైతే తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి. ఒకే లాగిన్‌తో ఆ లాగ్‌లున్నా ఏం లాభం? 2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. 2025లో రూల్సూ వచ్చాయి, విడతలవారీగా అమలవుతాయి. మేనేజ్‌మెంట్‌కి ఆ అంకె చూపించండి, నాక్ కంటే ముందు కదులుతారు.

బెంజిసర్కిల్_నాన్న: మరి నేనిప్పుడేం చేయాలి?

సర్వర్_రూమ్: డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి. మీకు పోలేదు కాబట్టి టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, మోసపు కాల్స్‌పై ఫిర్యాదుకున్న చక్షు విభాగంలో ఆ నంబరు మీద ఫిర్యాదు చేయండి. ఆధార్ బయోమెట్రిక్ (వేలిముద్ర, కనుపాప) లాక్ చేసుకోండి. ఇకమీదట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

కొరిటెపాడు: ఇచ్చాం సార్. "నంబరు కనపడట్లేదు" అని కౌంటర్లో వెనక్కిచ్చారు.

పరీక్షల_విభాగం: స్కాలర్‌షిప్‌కి పూర్తి నంబరు కావాలి, నిజమే. హాస్టల్‌కి, లైబ్రరీ కార్డుకి ఎందుకు? ఆ షీటు గ్రూపులోంచి తీసేయమని ప్రిన్సిపల్‌కి కాగితం పెట్టి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నోటిమాటకి మా ఆఫీసులో ఫైలు కదలదు.