ముందే అలర్ట్ ఇచ్చామని పార్లమెంటులో అంటారు, స్టేషన్‌కు నిజంగా ఏం వస్తుంది?

ప్రశ్న: కానిస్టేబుల్‌గారి అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్న హైదరాబాద్‌లో ముప్పై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. పాలిటీ కోసం పార్లమెంటు చర్చలు చూడడం అలవాటైంది. మొన్న ఉగ్రవాదం మీద ఒక ఎంపీ మాట్లాడిన వీడియో టీవీలో పెట్టాను. ఆయన పేరు రాయను, రాస్తే మాట పార్టీల మీదకు పోతుంది. ముందే హెచ్చరించినా పోలీసులు నిద్రపోయారు అనే అర్థంలో ఆయన ఒక మాట అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు బల్లలు చరిచారు. పక్క గదిలో ఉన్న నాన్న లేచి వచ్చి, ఏమీ అనకుండా సౌండ్ తగ్గించి వెళ్లిపోయారు.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలినప్పుడు అక్కడికి వెళ్లినవాళ్లలో మా నాన్న ఒకరు. మర్నాడు పార్లమెంటులో అప్పటి హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే ప్రకటన చేశారు. రాష్ట్రాలకు ముందే సమాచారం ఇచ్చామని కేంద్రం అంది, అలాంటివి మామూలుగా వస్తూనే ఉంటాయని రాష్ట్రం అంది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. "మీ నాన్నోళ్లకు ముందే తెలుసంట కదా" అని క్లాసులో అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అలర్ట్ అంటే స్టేషన్‌కు అసలు ఏం వస్తుంది? పోలీసు శాఖ రాష్ట్రాల కిందిది అయినప్పుడు, పార్లమెంటులో ఎంపీ మాట్లాడితే ఏమైనా మారుతుందా?

జవాబు 1: రిటైర్డ్ సీఐ

అమ్మా, మీ నాన్నగారు సౌండ్ ఎందుకు తగ్గించారో నాకు తెలుసు. నేనూ అదే పని చాలాసార్లు చేశాను.

అలర్ట్ చాలాసార్లు ఒక కాగితం. ఫలానా ముఠా పెద్ద నగరాల్లో దాడికి ప్రయత్నించవచ్చు, రద్దీ ప్రాంతాల్లో అప్రమత్తంగా ఉండండి అని ఉంటుంది. చోటు ఉండదు, తేదీ ఉండదు, మనిషి ఆనవాలు ఉండదు. కేంద్ర నిఘా సంస్థ ఐబీ నుంచి రాష్ట్ర ఇంటెలిజెన్స్‌కు, అక్కడి నుంచి కమిషనరేట్‌కు దిగి, మా దగ్గరికి వచ్చేసరికి వైర్‌లెస్ సెట్‌లో రెండు ముక్కలు. రోల్‌కాల్‌లో చదివి వినిపిస్తాం. పంద్రాగస్టుకు ముందు, డిసెంబర్ 6కు ముందు, నిమజ్జనానికి ముందు కూడా ఇలాంటివే వస్తాయి. లాడ్జీల రిజిస్టర్లు చూస్తాం, బస్టాపుల్లో వదిలేసిన బ్యాగులు చూస్తాం, నాకాబందీ పెడతాం. దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టింది సైకిళ్ల మీద. సాయంత్రం ఏడింటికి ఆ రోడ్డు పక్కన ఎన్ని బండ్లు నిలబడి ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. బీట్‌లో ఉండేది ఇద్దరు. అందులో ఒకరిని ఏదో ఒక బందోబస్తుకు లాగేస్తారు.

అలాగని మా తప్పు లేదని అనను. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలిన రాత్రే, పేలని బాంబు ఒకటి దొరికింది. ఎక్కడ? దిల్‌సుఖ్‌నగర్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి దగ్గర. ఆ చోటు బాంబులు పెట్టేవాళ్ల కంట్లో ఉందని మాకు అప్పుడే తెలుసు. తర్వాత అయిదున్నరేళ్లలో అక్కడ బీట్‌కు ఎంతమందిని పెంచారు, ఎన్ని కెమెరాలు పెట్టారు, అవి పని చేశాయా? ఎంపీగారు నిద్రపోయారు అనే బదులు ఇది అడిగి ఉంటే, నేను సౌండ్ పెంచి వినేవాణ్ణి.

పార్లమెంటు మాటలకు విలువ లేదా అంటే, ఉందమ్మా. ముంబై దాడి జరిగిన నెల తిరక్కుండానే, 2008 డిసెంబరులో, జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టం రెండు సభల్లోనూ పాసయింది. 2007 జంట పేలుళ్ల కేసు ఆ సంస్థ పుట్టకముందుది. 42 మంది ప్రాణాలు పోయిన ఆ కేసులో తీర్పు 2018 సెప్టెంబరులో వచ్చింది. పదకొండేళ్లు! దిల్‌సుఖ్‌నగర్ కేసును ఎన్‌ఐఏ చూసింది, 2016 డిసెంబరులో అయిదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. కానీ 2007 మక్కా మసీదు పేలుడు కేసు కూడా చివరికి ఎన్‌ఐఏ దగ్గరికే వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో, విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. అందుకే కొత్త సంస్థ, కొత్త చట్టం అనగానే నేను పొంగిపోను.

బాంబు పేలిన మొదటి గంటలో అక్కడ ఢిల్లీవాళ్లు ఉండరు. మీ నాన్నలాంటివాళ్లు ఉంటారు. గాయపడినవాళ్లను ఆటోల్లోకి ఎత్తాలి. ఇంకో బాంబు ఉందేమోనన్న భయం లోపల ఉంటుంది. జనాన్ని వెనక్కి నెట్టాలి, తాడు కట్టాలి, క్లూస్ టీమ్ వచ్చేదాకా ఒక్క తీగ ముక్కనూ ఎవరూ తొక్కకుండా చూడాలి. ఆ టెన్షన్‌లో పెద్దమనుషుల కార్లు వస్తాయి, వాటికీ దారి ఇవ్వాలి. పదేళ్ల తర్వాత కోర్టులో కేసు నిలబడాలంటే ఆ తాడు సరిగ్గా కట్టి ఉండాలి. ఈ పని మా కానిస్టేబుళ్లకు ఎన్ని రోజులు నేర్పించారు? నా సర్వీసంతా అడుగుతూనే వచ్చాను.

జవాబు 2: లాయర్

రెండో ప్రశ్నకు నేను చెప్తాను. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండోది పోలీసు. అందుకే స్టేషన్లలో సిబ్బంది కొరత గురించి ఎంపీ అడిగితే హోంశాఖ జవాబు చాలాసార్లు "ఇది రాష్ట్రాల అంశం" అనే మొదలవుతుంది. అయితే పోలీసుల ఆధునికీకరణకు కేంద్రం డబ్బు ఇస్తుంది. ఆ డబ్బు ఏ రాష్ట్రానికి ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది అని లిఖితపూర్వకంగా అడిగితే తప్పించుకోవడం కష్టం. ఉపన్యాసం కంటే అలాంటి ప్రశ్న వల్లే నాకు ఎక్కువ విషయం తెలుస్తుంది.

మొదటి పని స్థానిక పోలీసులదేనని సీఐ గారు చెప్పినది చట్టంలోనూ కనిపిస్తుంది. ఎన్‌ఐఏ చట్టం ఆరో సెక్షన్ చూడండి. ఎఫ్ఐఆర్ ముందు స్టేషన్‌లోనే పడాలి. స్టేషన్ ఆఫీసర్ రాష్ట్ర ప్రభుత్వానికి రిపోర్టు పంపాలి, రాష్ట్రం కేంద్రానికి పంపాలి, ఎన్‌ఐఏకు ఇవ్వాలా వద్దా అన్నది కేంద్రం పదిహేను రోజుల్లో తేల్చాలి. దర్యాప్తు చేసేవాళ్లను, బందోబస్తు చూసేవాళ్లను వేరు చేయమని సుప్రీంకోర్టు ప్రకాష్ సింగ్ కేసులో 2006లోనే చెప్పింది. ఆ వేరు చేయడం మన స్టేషన్‌లో జరిగిందా అని చూస్తే సగం సంగతి అర్థమవుతుంది.

నాన్నగారి బాధ గురించి ఒక మాట. సభలో అన్నదానికి ఎంపీ మీద కోర్టుకు వెళ్లలేం, రాజ్యాంగం 105వ అధికరణం ఆ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ అవసరమే. కానీ బదులు చెప్పుకునే వీలు లేనివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు కాస్త జాగ్రత్త ఉండాలి.

జవాబు 3: పాతబస్తీ నుంచి

చెల్లెమ్మా, నీ బాధ అర్థమైంది. నా మాట కూడా విను. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మా పెద్దమ్మ కొడుకును తీసుకెళ్లారు. నెలల తరబడి జైల్లో ఉన్నాడు. కొట్టారు కూడా. తర్వాత కోర్టు నిర్దోషి అంది. కానీ పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు, కుదిరిన పెళ్లి తప్పిపోయింది. పోలీసులు నిద్రపోయారని పైన అంటే, ఆ ఒత్తిడి కిందికి దిగుతుంది, ఎవరో ఒకరిని తొందరగా చూపించాల్సి వస్తుంది. అలా చూపించింది మావాణ్ణి. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చి అమ్మకు ధైర్యం చెప్పింది కూడా ఒక కానిస్టేబులే. అందుకే అందరినీ ఒకే గాటన కట్టను. తప్పుగా పట్టుకున్నవాళ్ల గురించి కూడా ఆ సభలో ఎవరైనా అంతే గట్టిగా మాట్లాడాలని నా కోరిక.

కానిస్టేబుల్‌గారి అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యా, మీరు రాసింది నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. మీ పెద్దమ్మగారి అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నారని అడిగారు.

తర్వాత ఆ రాత్రి గురించి మొదటిసారి చెప్పారు. తాడు దొరక్కపోతే పక్క షాపు షట్టర్‌కు కట్టి ఉన్న బట్టల తాడు విప్పి కట్టారట. తెల్లవారేదాకా దాని పక్కనే నిలబడ్డారు. ఎవరిదో ఒక చెప్పు లోపల పడి ఉంటే, వాళ్ల అమ్మ వచ్చి ఇవ్వమని అడిగిందట. ఇవ్వకూడదు కాబట్టి ఇవ్వలేదు. ఆమె ముఖం ఇంకా గుర్తుందని చెప్పారు.

లాయర్ గారూ, మా ఎంపీకి రాయడానికి ఒక ప్రశ్న తయారు చేశాను. పేలుడు జరిగిన చోటును కాపాడడంలో గత అయిదేళ్లలో ఎంతమంది కానిస్టేబుళ్లకు శిక్షణ ఇచ్చారు, దానికి కేంద్రం ఎంత ఇచ్చింది, రాష్ట్రం ఎంత ఖర్చు పెట్టింది. ఇందులో తాళ్లు, టార్చ్‌లైట్లు, గ్లవ్స్ స్టేషన్‌లో ఉంటాయా అని కూడా చేర్చమంటున్నారు నాన్న. అది ఈ ప్రశ్నలో ఇముడుతుందా, వేరుగా అసెంబ్లీకి పంపాలా?